డాక్టరుగారు వచ్చేలోపు

పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక సోదరి ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉన్నందువల్ల సారాంశమే ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. బీకాం చదివారు. ఒక చిన్న పట్టణంలో జనరల్ ఫిజీషియన్ ఒక్కరే నడిపే క్లినిక్‌లో, పెళ్లయిన కొత్తలో, టోకెన్లు రాసే పనికి చేరారు. ఇప్పుడు జీతం నెలకు 11,000 రూపాయలు. "ఇప్పుడు నేను చేయని పని లేదు" అంటూ రోజంతా చేసేవన్నీ ఒక్క ఊపులో రాసుకుపోయారు. ఉదయం తాళం తీయడం, ఊడ్పించడం, ఓపీ చీటీలు రాయడం, బరువు, జ్వరం, బీపీ, షుగర్ చూడటం, పాత చీటీలు వెతికి పెట్టడం, వరుస తప్పకుండా లోపలికి పంపడం, ఇంజెక్షన్లు, సెలైన్లు, కట్లు, ఈసీజీ, రక్తం తీసి ల్యాబుకు పంపడం, మందులు ఎలా వేసుకోవాలో చెప్పడం, ఫోన్లు ఎత్తడం, ఫీజు లెక్క, మెడికల్ రెప్‌లను కూర్చోబెట్టడం. డాక్టరుగారు ఉదయం వేరే ఆసుపత్రిలో రౌండ్లు ముగించుకుని 11 దాటాక వస్తారు. అప్పటిదాకా వచ్చినవారికి ఆయన ఫోన్‌లో చెబుతుంటే ఈమె సూది వేస్తారు. కొందరిని "పాత మందే వారం వాడండి" అని తానే పంపేస్తారు.

రెండు నెలల కింద జ్వరంతో వచ్చిన ఒక పెద్దాయనకు ఫోన్‌లో చెప్పినట్టే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, చెమటలు, బీపీ పడిపోయింది. అదృష్టవశాత్తూ డాక్టరుగారు అప్పుడే వచ్చి చికిత్స చేసి పెద్దాసుపత్రికి పంపారు. ఆయన కోలుకున్నారు. అయితే బంధువులు గొడవపడినప్పుడు డాక్టరుగారు "మా అమ్మాయి తొందరపడింది" అన్నారు. ఆ మాట ఈమె చెవిన పడింది. సాయంత్రం ఆయనే పిలిచి 500 రూపాయల నోటు చేతిలో పెట్టి, "మనసులో పెట్టుకోకు" అన్నారు.

అప్పటినుంచి సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. భర్త మానెయ్యమంటున్నారు. పాప స్కూలు ఫీజు ఈ జీతంతోనే గడుస్తోంది. పైగా అమ్మకు ఆపరేషన్ అవసరమైనప్పుడు డాక్టరుగారే దగ్గరుండి చేయించారు. ఆ మేలు మరవలేకపోతున్నారు. మరోవైపు, "చేతిలో పని ఉంది, ఇంట్లోనే ఒక మంచం వేసుకో, రోజుకు నాలుగు ఇంజెక్షన్లయినా పడతాయి" అని పక్కింటివారి సలహా. "నాది తప్పా? మానెయ్యాలా? ఇంకేం చేయగలను?" అని అడిగారు.

అమ్మా, రియాక్షన్ గురించి రాసిన భాగంకంటే మీ రోజువారీ పనుల భాగం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. బరువు చూడటం, ఇంజెక్షన్ ఇవ్వడం, "పాత మందే వాడండి" అని చెప్పి పంపడం, అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. తప్పు మీది కాదు, క్లినిక్‌లో అవి అలాగే వచ్చి మీ మీద పడ్డాయి. వాటిని విడదీస్తే తప్ప మీరడిగినవాటికి జవాబు దొరకదు.

మొదట, నిస్సందేహంగా మీవైన పనులు. వీటిని మీరు చిన్నచూపు చూస్తున్నట్టు అనిపించింది. "బీపీ చూడటం లాంటివి సరే" అని ఒక్క మాటతో దాటేశారు. బీపీ సరిగా చూసే క్లినిక్‌లు ఎన్ని ఉన్నాయంటారు? మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషిని అలాగే నిలబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, "ఎక్కడినుంచి వచ్చారు" అని మాట్లాడిస్తూ చూసేవాళ్లే ఎక్కువ. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడించకూడదు. అరగంట లోపు టీ, కాఫీ, సిగరెట్టు తాగి ఉంటే ఆ సంగతి చీటీ మీద రాయాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువగా చూపిస్తుంది. ఆ అంకెను నమ్మే డాక్టరు మాత్ర పెంచుతారు. అంటే మీరు అయిదు నిమిషాలు ఆగకపోవడం వల్ల ఒక మనిషి ఏళ్ల తరబడి అవసరం లేని మందు మింగవచ్చు. ఈ పనికి ఉన్న బరువు అంత.

ఎవరిని వరుస తప్పించి పంపాలో గుర్తించడం కూడా మీ పనే. ఛాతీలో నొప్పి, చెమటలు, పూర్తి వాక్యం చెప్పలేనంత ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి పడిపోవడం, పాలు తాగకుండా సోలిపోయిన పసిబిడ్డ: వీళ్లకు టోకెన్ నంబరు వర్తించదు. డాక్టరుగారు ఉంటే నేరుగా లోపలికి పంపాలి. లేకపోతే 108కు ఫోన్ చేసి, ఆ తర్వాత ఆయనకు చెప్పాలి. ఇది రోగనిర్ణయం చేయడం కిందికి రాదు. రోగం పేరు మీరు చెప్పడం లేదు, ఈ మనిషి ఇక్కడ కూర్చోకూడదని మాత్రమే చెబుతున్నారు.

ఇక రెండో రకం పనులు: ఇంజెక్షన్లు, సెలైన్లు, రక్తం తీయడం, కట్లు, ఈసీజీ. వీటికి చేతి నేర్పు ఒక్కటే చాలదు, శిక్షణ కావాలి, ప్రతిసారీ డాక్టరు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. మీకు శిక్షణ ఇచ్చింది ఆయనే. మన దగ్గర ఇది కొత్త కాదు. పూర్వం డాక్టరుగారి పక్కన కాంపౌండరు ఉండేవాడు. ఎర్రటి మిక్చరు సీసాకు మెట్లుగా కత్తిరించిన కాగితం అతికించి, పూటకు ఒక మెట్టు తాగమని చెప్పేవాడు. ఆయనా చూసి నేర్చుకున్నవాడే. కాకపోతే ఆయన మిక్చరు కలిపేటప్పుడు డాక్టరు పక్క గదిలోనే ఉండేవారు. మీ విషయంలో ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆ గది ఖాళీ.

మూడో రకం, మీవి కానే కానివి. మందు మార్చడం, కొనసాగించడం, ఆపడం, "ఫరవాలేదు, ఇంటికి వెళ్లండి" అనడం. "పాత మందే వారం వాడండి" అన్నది చిన్న మాటలా ఉంటుంది. అది కొత్త ప్రిస్క్రిప్షనుతో సమానం. పాత మందుకు తగ్గని జ్వరం ఎందుకు తగ్గలేదో ఆలోచించాల్సిన మనిషి ఆ సమయానికి ఇంకా రాలేదు. ఈ పని రేపటి నుంచే మానెయ్యండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ ప్రశ్న: నాది తప్పా? రియాక్షన్ రావడం మీ తప్పు కాదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లకు అన్నీ సరిగా చేసినా కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. చర్మం మీద చేసే టెస్ట్ డోసులో ఏమీ కనబడకపోయినా, ఆ తర్వాత రాదన్న హామీ లేదు. అయితే "అలర్జీ గురించి డాక్టరుగారు అడిగి ఉంటారనుకుని నేను అడగలేదు" అని మీరే రాశారు. ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. సూది ఎవరి చేతిలో ఉందో వాళ్లే ఆఖరుసారి అడగాలి. ఇంతకుముందు ఏ మందుకైనా దురద, దద్దుర్లు వచ్చాయా, ఉబ్బసం ఉందా, ఇంకే మందులు వాడుతున్నారు. నిమిషం కూడా పట్టదు. సీసా మీద పేరు, గడువు తేదీ, రోగి పేరు పైకి చదవడం కూడా అంతే. ఇంజెక్షన్ తర్వాత అరగంట కూర్చోబెట్టాలి. "పని ఉంది, వెళ్తాం" అంటే, వెళ్లారని చీటీ మీద రాయాలి.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, అది మీది కాదు. అలాంటి రియాక్షనుకు మొట్టమొదట ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్. తొడ బయటి వైపు కండరంలోకి, ఆలస్యం లేకుండా ఇవ్వాలి. చాలా క్లినిక్‌లలో ముందుగా అవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) వైపు చెయ్యి వెళుతుంది. అవి తర్వాత ఇవ్వాల్సినవి. మీ క్లినిక్‌లో అడ్రినలిన్ ఆంపూలు ఎక్కడ ఉన్నాయో ఆ రోజు మీకు తెలుసా? గడువు చూశారా? ఎంత ఇవ్వాలో గోడ మీద రాసి ఉందా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. దాన్ని సమకూర్చాల్సిన బాధ్యత డాక్టరుగారిది. అది లేకుండా, తాను లేని గదిలో, ఫోన్‌లో విన్న మాట మీద, రిజిస్ట్రేషన్ లేని మనిషి చేత యాంటీబయాటిక్ వేయించడం ఆయన నిర్ణయం. అందులో తొందరపడింది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ 500 నోటు తిరిగి ఇవ్వాలా అని కూడా అడిగారు. ఇవ్వకండి, దాచుకోకండి, పాపకు ఏదైనా కొనండి. దాని మీద యుద్ధం చేస్తే అసలు విషయం పక్కకు పోతుంది.

చట్టం సంగతి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, కానీ తెలియకుండా ఉండకూడదు. 2020 నుంచి అమల్లో ఉన్న నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, నమోదైన వైద్యులు కానివారు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డాక్టరు రాసినదాన్ని ఆయన సమక్షంలో చేయడానికీ, ఆయన లేనప్పుడు మీరే మందు చెప్పి పంపడానికీ తేడా ఇక్కడే వస్తుంది. ఇంకొకటి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. నమోదైన వైద్యుడు చికిత్స చేస్తుండగా అలా జరిగితే దాన్ని రెండేళ్లకు పరిమితం చేశారు. ఆ మినహాయింపు ఆయనకు ఉంది, మీకు లేదు. ఉద్యోగి చేసిన పనికి యజమాని నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు కానీ, క్రిమినల్ కేసులో ఎవరి శిక్ష వారిదే. మీ విషయంలో ఆ పెద్దాయన క్షేమంగా ఉన్నారు కాబట్టి దీన్ని తలచుకుని నిద్ర పాడుచేసుకోకండి. డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి.

మాట్లాడటం అంటే ఎలా? ఓపీ నిండుగా ఉన్నప్పుడు వద్దు. రాత్రి లెక్క అప్పజెప్పాక, ఆయన కుర్చీలోంచి లేవకముందు. అమ్మ ఆపరేషన్ విషయం మీరు ఎత్తకండి. ఆయన ఎత్తితే "అది ఎప్పటికీ మరవను" అని మనస్ఫూర్తిగా చెప్పి మళ్లీ విషయంలోకి రండి. మేలు వేరు, పని వేరు. "మా అమ్మాయి తొందరపడింది" అన్న మాట మీద గొడవ కూడా ఆ రోజు పెట్టుకోకండి. ఇలా అనవచ్చు: "సార్, మీరు లేనప్పుడు ఇంజెక్షన్ ఇవ్వలేను. మీరు వచ్చేసరికి అందరికీ బీపీ, జ్వరం, షుగర్ చూసి, ఏ బాధతో వచ్చారో, ఏ మందులు వాడుతున్నారో చీటీలో రాసి ఉంచుతాను. మీకు ఒక్కొక్కరి దగ్గర సమయం కలిసివస్తుంది. ఆగలేని పరిస్థితిలో ఉన్నవాళ్లను 108లో పంపి మీకు ఫోన్ చేస్తాను." చేయనని చెప్పి ఊరుకోవడం లేదు, చేసేదేమిటో కూడా చెబుతున్నారు. దీన్ని కాదనడం ఆయనకు కష్టం.

ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. రెండు చోట్ల తిరిగితే తప్ప గడవని డాక్టర్లు చిన్న పట్టణాల్లో చాలామంది. శిక్షణ పొందిన నర్సును పెట్టుకుంటే మీకిచ్చే జీతం సరిపోదు. పైగా సూది వెయ్యకపోతే అసలు వైద్యమే జరగలేదనుకునే జనం మనవాళ్లు. మాత్రతో తగ్గేదానికీ సూది అడిగి, ఆలస్యమైతే పక్క క్లినిక్‌కు పోతారు. ఆ ఒత్తిడి అంతా కిందికి జారుతూ వచ్చి చివరికి మీ చేతి దగ్గర ఆగుతోంది.

ఆయన ఒప్పుకుంటే మంచిదే. అప్పుడు ఇంకో రెండు అడగండి. ఫోన్ మాట మీద ఏదీ వద్దు, చీటీ మీద రాత ఉండాలి. ఎప్పుడైనా ప్రాణం మీదికి వచ్చి తప్పనిసరైతే, ఆయన చెప్పింది మీరు తిరిగి పైకి చెప్పాలి, సమయంతో సహా రాసుకోవాలి, వచ్చాక ఆయన సంతకం పెట్టాలి. రెండోది, ఆయన ఉన్నప్పుడే కొన్నాళ్లు ఆయన కళ్లముందు ఇంజెక్షన్లు ఇచ్చే అవకాశం. చెయ్యి వణుకు తగ్గడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచదు. నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యమే మళ్లీ మళ్లీ కనబడటం తగ్గకపోతే, టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరుగారు నవ్వేసి "ఏమీ కాదులే" అని దాటవేయవచ్చు. ఇలా జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని నా అనుమానం. అప్పుడు మీరు చెప్పినదాన్ని మర్నాటి నుంచి చేతల్లో పెట్టాలి. ఫోన్ వచ్చినప్పుడు "మీరు వచ్చాక సార్" అనాలి. మొదటి వారం చిరాకుపడతారు. వరండాలో జనం మీ మీద అరుస్తారు. ఆ వారం దాటగలిగితే ఆయన పదకొండింటి రాక పదిన్నరకు మారవచ్చు. లేదా ఆ రెండు గంటలకు ఒక నర్సును చూసుకోవచ్చు.

కోపం వచ్చి మరొకరిని చూసుకుంటానంటే? అది నిజమైన నష్టమే, తేలికగా చెప్పను. అందుకే మాట్లాడేముందే పట్టణంలో మరో రెండు చోట్ల అడిగి ఉంచండి. బీకాం చదివి, ఓపీ నడపడం తెలిసిన మనిషి పెద్ద ఆసుపత్రుల బిల్లింగ్‌కు, ఇన్సూరెన్స్ విభాగానికి పనికొస్తారు. అక్కడ సిబ్బంది కనీసం పదిమంది ఉండి, జీతం 21,000 మించకపోతే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా వర్తిస్తుంది. ఇప్పుడు మీకు అది ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. భర్త చెప్పినట్టు వెంటనే మానెయ్యడం కూడా ఒక దారే. కానీ భయంతో మానేస్తే ఆ భయం ఇంట్లో కూడా మీతోనే ఉంటుంది. ఫీజు కట్టే తేదీ ఎలాగూ వస్తుంది. ఇంకో పని చేతిలో పెట్టుకుని మానడం మేలని నా అభిప్రాయం.

ఇంట్లో మంచం వేయమన్న సలహాకు వస్తాను. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, వద్దు. క్లినిక్‌లో కనీసం డాక్టరు వచ్చే సమయం అంటూ ఒకటుంది. మీ ముందుగదిలో అదీ ఉండదు. ఆ పెద్దాయనకు వచ్చినట్టే పక్కింటి పిన్నిగారికి వస్తే అడ్రినలిన్ ఉండదు, ఆక్సిజన్ ఉండదు. ఇవాళ సలహా ఇచ్చినవాళ్లే రేపు గుమ్మం ముందు నిలబడి అరుస్తారు. ఎవరైనా తమ బీపీ మిషన్ తెచ్చుకుని చూడమంటే చూసి అంకె చెప్పండి, డాక్టరుకు చూపించమనండి. అంతకుమించి ఒక్క మాత్ర పేరు కూడా మీ నోట రాకూడదు.

ఈ వృత్తిలోనే ఎదగాలనుంటే చదువు తప్పదు. నర్సింగ్ కోర్సుల్లో ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు. జీఎన్ఎంలో చేరడానికి 35 ఏళ్ల వయోపరిమితి ఉంది కాబట్టి మీకింకా వ్యవధి ఉంది, కానీ వాయిదా వేసేంత లేదు. ఏది చేసినా పూర్తికాలం చదవాలి. ఆ ఏళ్లలో జీతం రాదు, పాపను చూసుకునే మనిషి కావాలి. అందుకే ఇది మీరొక్కరే తేల్చుకోగలిగింది కాదు, మీ ఆయనతో కూర్చుని లెక్క వేయాల్సింది. ఇంజెక్షన్ల జోలికి పోకుండా ల్యాబు వైపు వెళ్లాలంటే డీఎంఎల్‌టీ (ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా) ఉంది. ఇంటర్‌లో బైపీసీ లేనివారికి అందులో సీటు దొరుకుతుందో లేదో మీ రాష్ట్ర పారామెడికల్ బోర్డులో కనుక్కోండి. "ఆరు నెలల్లో నర్సింగ్ సర్టిఫికెట్" అని కరెంటు స్తంభాలకు అతికించే కాగితాలను మాత్రం నమ్మకండి. నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కాని సర్టిఫికెట్ ఎంత అందంగా అచ్చు వేసినా కౌన్సిల్ దృష్టిలో మీరు నర్సు కారు.

చివరగా, మీరు అడగనిది ఒకటి. ఇన్నేళ్లుగా సూదులు పట్టుకుంటున్నారు, రక్తం తీస్తున్నారు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా? మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి ఈ టీకా, ధనుర్వాతం టీకా వేయించాల్సింది యజమానే. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. మీ చేతికి గుచ్చుకునేది చాలాసార్లు అప్పుడే. సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి, సూది తీసిన సిరంజిలు, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, మందు సీసాలు నీలం గుర్తున్న డబ్బాలోకి. ఒకవేళ గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, ఆ పూటే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు గంటల్లో మొదలుపెడితేనే మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. డాక్టరుగారితో పెద్ద విషయం మాట్లాడటానికి ధైర్యం చాలకపోతే, ముందు ఈ టీకా అడగండి. కాదనలేరు. మిగతా మాట అక్కడినుంచే ఎత్తవచ్చు.